గాలి లెక్క తప్పిన బండి

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద భూత్పూరు, అడ్డాకుల దాటాక కొత్తకోట వస్తుంది. పాతకాలపు డ్రైవర్లకు ఇది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే. వనపర్తి పోయేవాళ్లు ఇక్కడ ఎడమకు తిరుగుతారు, మదనాపురం, ఆత్మకూరు వైపు వాళ్లు కుడికి. నేరుగా పోతే పెబ్బేరు, ఆపైన బీచుపల్లి దగ్గర కృష్ణ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ఈ ఊరు మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి జిల్లాకు మారింది గానీ, మనుషుల మాటలో మాత్రం ఇదంతా పాలమూరే. నాలుగు దిక్కుల బండ్లు కలిసే చోటు కాబట్టి పంక్చర్ షాపులు, లేతు మిషన్లు, వెల్డింగ్ షెడ్లు, టైర్ల కొట్లు రోడ్డు పొడుగునా కనిపిస్తాయి. పెద్ద ఆసుపత్రి అంటే కర్నూలో హైదరాబాదో, పెండ్లి సామానంటే హైదరాబాదు, పల్లికాయ అమ్మాలంటే వనపర్తి మార్కెట్టు. దూరాలు ఎక్కువ కాబట్టి ఈ పక్క డీజిల్ బండి విలువ తగ్గలేదు. పదేళ్లు దాటిన బండ్లు కూడా రోజూ రోడ్డెక్కుతూనే ఉన్నాయి.

ఆ బండ్లున్న ప్రతిచోటా ఒక మాట వినబడుతుంది: "ఈజీఆర్ బంద్ చేయించిన, ఇప్పుడు మంచిగ గుంజుతున్నది." ఒక చిన్న రేకు ముక్క కోసి, పొగ దారికి అడ్డంగా పెట్టి బోల్టులు బిగిస్తే అయిపోయే పని అది. బాగుచేయడం మాత్రం పూటలు పట్టే పని. బంద్ చేయకుండా బాగుచేసే షెడ్డు కొత్తకోటలో ఒకటుందని తెలిసి, ఆ పని మొదటి నుంచి చివరిదాకా చూడాలని వెళ్లాను. ఉస్తాద్ తన పేరు, షెడ్డు గుర్తులు రాయొద్దన్నాడు. పని గురించి ఎంతైనా రాసుకోమన్నాడు.

రేకుల షెడ్డు, మధ్యలో సిమెంటు గుంత, గోడకు సైజుల వారీగా పానాలు. బల్ల మీద ఒక ట్యాబ్లెట్ స్కానర్, దాని పక్కనే చేతితో నొక్కే చిన్న వ్యాక్యూమ్ పంపు. రెండింటిలో ఏది లేకపోతే పని ఆగుతుందని అడిగితే ఉస్తాద్ పంపు వైపే చూపించాడు. ఆయన హైదరాబాద్‌లో ఒక షెడ్డులో చిన్నప్పటి నుంచి పని నేర్చుకుని, తర్వాత సొంతూరికి దగ్గరగా ఉండాలని ఇటు వచ్చాడు. ఆయన దగ్గర ఇద్దరు పిల్లలు పని చేస్తున్నారు. ఒకడు పూర్తిగా ఇక్కడే నేర్చుకున్నవాడు. రెండోవాడు వనపర్తి రాజుల కోటలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతూ, సెలవుల్లో వస్తున్నాడు. పుస్తకంలో అరపేజీలో ఉన్న బొమ్మ ఇక్కడ రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువుందని ఆ అబ్బాయి అన్నాడు.

నేను వెళ్లిన పొద్దున వచ్చింది ఏడు సీట్ల బండి. 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోగులను కర్నూలు ఆసుపత్రులకు తీసుకుపోయి తెచ్చే కిరాయి బండి.

"ఉస్తాద్, లైటు మల్ల ఎలిగింది" అన్నాడు డ్రైవరు దిగుతూనే. "రేస్ ఇస్తే ఎన్క నల్ల పొగ. జర ఎత్తొస్తే గేరు తగ్గియ్యకుంట ఎక్కుతలేదు. డీజిల్ గూడ ఎక్కువ తాగుతున్నది."

"ఎవరికన్న చూపెట్టినవా?"

"ఒక కాడ మిషిన్ పెట్టి ఈజీఆర్ వాల్ పోయింది, కొత్తది ఎయ్యాలన్నరు. ఇంకో కాడ అది బంద్ జేస్తే అన్నీ సక్కగైతయన్నరు. ఏది నిజమో నువ్వే చెప్పాలె."

"చూడకుంట ఏం చెప్తం తమ్మీ. బానెట్ ఎత్తు."

ఈజీఆర్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పీల్చుకునే గాలిలో కలిపే ఏర్పాటు అది. వినడానికి వింతగా ఉంటుంది. ఎంగిలి పొగను ఇంజన్ చేత మళ్లీ తాగించడం ఎందుకు? మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవదు. సిలిండర్లో డీజిల్ మండినప్పుడు వేడి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే మాత్రం ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ మార్పు విపరీతంగా వేగం అందుకుంటుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువులివి. ఎండలో ఇతర వాయువులతో కలిసి ఓజోన్‌ను, సన్నటి ధూళి కణాలను పుట్టిస్తాయి. ఒకసారి కాలిన పొగలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి ఎక్కువ. దాన్ని కొంత కలిపితే మంట తీవ్రత తగ్గి, సిలిండర్లో పైస్థాయి వేడి దిగుతుంది. డీజిల్ ఇంజన్ తేలికగా నడుస్తున్నప్పుడు లోపలికి పోయే దాంట్లో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఈ పాత పొగే ఉంటుంది. పూర్తి రేస్ ఇచ్చినప్పుడు మాత్రం కంప్యూటర్ ఆ దారిని మూసేస్తుంది, అప్పుడు ఇంజన్‌కు దొరికినంత మంచి గాలి కావాలి గనక.

మన దేశంలో డీజిల్ కారు కిలోమీటరుకు విడవగల నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల ప్రకారం బీఎస్-3లో 0.50 గ్రాములు, బీఎస్-4లో 0.25, 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6లో 0.08. ఈ దిగుదల వెనుక ఈజీఆర్‌ది పెద్ద చెయ్యి.

ఉస్తాద్ స్కానర్ ముట్టలేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఫిల్టర్ మడతల్లో ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. దాన్ని నేలకేసి తట్టకుండా పక్కన పెట్టి, కొత్తది తెప్పించమన్నాడు. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపులన్నీ చేత్తో తడిమాడు. కింద వైపు, కంటికి కనిపించని చోట పగుళ్లుంటాయట, ఆయిలు చెమ్మ తగిలితే అక్కడ అనుమానించాలట. ఈ పైపుల్లో చీలిక ఉంటే గాలి కొలిచే సెన్సర్ దాటిన గాలిలో కొంత బయటికి పోతుంది. కంప్యూటర్ మాత్రం అంతా లోపలికే పోయిందనుకుని డీజిల్ పోస్తుంది. నల్ల పొగ వస్తుంది, నింద ఈజీఆర్ మీద పడుతుంది. నోటిమాటతో వదిలేయకుండా పైపు ఒక మూతికి బిరడా పెట్టి, కంప్రెసర్ నుంచి కొద్ది గాలి ఎక్కించి, చెవి పెట్టి విన్నాడు. సబ్బు నీళ్లు జల్లించాడు. బుడగ రాలేదు.

"పైపులు మంచిగున్నయి. ఇప్పుడు మిషిన్ పెట్టురా" అన్నాడు.

స్కానర్ మీద వచ్చిన కోడ్ పి 0401. ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని దానర్థం. వాల్వు చెడిపోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. అడిగినంత పొగ తిరిగి రావడం లేదని మాత్రమే చెబుతుంది. కారణం వాల్వు కావచ్చు, వాల్వును ఎత్తే వ్యాక్యూమ్ పైపు కావచ్చు, ఆ వ్యాక్యూమ్‌ను తెరిచి మూసే మాడ్యులేటర్ కావచ్చు, గాలి సెన్సర్ తప్పు చెబుతుండవచ్చు, దారే పూడుకుపోయి ఉండవచ్చు. ఇన్నింటిలో ఒక్కదాని పేరే బిల్లు మీదికి ఎక్కుతుంది. అది సాధారణంగా అన్నిటికన్నా ఖరీదైనదే అవుతుంది. ఈ రంగంలో నన్ను బాధపెట్టే విషయం ఇదే. కోడ్ చదవడం పది నిమిషాల పని. దాన్ని నమ్మి విడిభాగం మార్చడం ఇంకో గంట. మధ్యలో ఉండాల్సిన పరీక్షలకు డబ్బు ఇవ్వడానికి బండివాళ్లు ఇష్టపడరు, అడగడానికి మెకానిక్‌లు జంకుతారు.

ఉస్తాద్ కోడ్ వదిలేసి గాలి సెన్సర్ అంకెలు తెరిచాడు. ఇంజన్ వేడెక్కాక, ఐడిలింగులో, ఒక్కో సిలిండర్ ఒక్కో గుటకకు ఎన్ని మిల్లీగ్రాముల గాలి తీసుకుంటోందో ఆ అంకె చెబుతుంది. లెక్క సులువే. 2.5 లీటర్లను నాలుగుతో భాగిస్తే సిలిండర్‌కు 625 సీసీ. పాలమూరు ఎండలో లీటరు గాలి బరువు 1.1 గ్రాముల దగ్గర. అంటే పూర్తిగా నిండితే దాదాపు 690 మిల్లీగ్రాములు. పూర్తిగా ఎప్పుడూ నిండదు కాబట్టి, ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు 600 దరిదాపుల్లో ఉంటే మంచిది. ఈజీఆర్ తెరుచుకుంటే పాత పొగ కొంత చోటు ఆక్రమిస్తుంది, బయటి గాలి అంతమేర తగ్గాలి. 400 లోపుకు రావాలి. డిప్లొమా అబ్బాయి ఈ లెక్క కాగితం మీద వేసి నాకు చూపించాడు, ఉస్తాద్ నోటి లెక్కతోనే సరేనన్నాడు.

బండి చూపిన అంకె, వాల్వు మూసినప్పుడు 580. స్కానర్ నుంచి వాల్వు తెరవమని ఆజ్ఞ ఇచ్చారు. 560కి వచ్చి ఆగింది.

ఇప్పుడు ఆ చేతి పంపు బయటికి వచ్చింది. వాల్వు నెత్తిన ఉన్న సన్నటి పైపు పీకి, పంపు గొట్టం తగిలించి నెమ్మదిగా నొక్కాడు. వాల్వు లోపలి కడ్డీ పైకి లేవడం నాకు కూడా కనిపించింది. పంపు ముల్లు నిలిచే ఉంది, అంటే డయాఫ్రమ్ చిరగలేదు. మంచి బండిలో ఐడిలింగు మీద ఇలా వాల్వు ఎత్తితే ఇంజన్ శబ్దం మారాలి, తడబడాలి, ఆగిపోవచ్చు కూడా. ఈ ఇంజన్ ఏ తేడా లేకుండా అదే శ్రుతిలో కొట్టుకుంటోంది.

"తలుపు తెరిచినం, లోపటికి ఎవ్వరు రాలే" అన్నాడు ఉస్తాద్. "వాల్ మంచిగనే ఉంది. తొవ్వ బందైంది. కొత్త వాల్ ఏసినా గిదే కథ అయితుండె."

ఇంకొక్కటి మిగిలింది. డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించే రోడ్డు మీదికి తీసుకుపోయాడు. గట్టిగా తొక్కినప్పుడు టర్బో ప్రెషర్ రావాల్సినంత వస్తోంది, లోపలికి పోయే గాలి మాత్రం ఆ ప్రెషర్‌కు తగినంత లేదు. గాలి నెట్టేవాడు బలంగానే నెడుతున్నాడు, ముందర సందు ఇరుకైంది. ఈజీఆర్ దారి పూడటమే కాకుండా, పొగ వచ్చి కలిసే ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కూడా పూడుకుపోయి ఉంటుందని తిరిగి వచ్చేసరికే తేల్చేశాడు. ఒక లోపం లైటు వెలిగించింది, దాని పక్కింటి లోపం పొగ తెప్పించింది. రెండింటికీ మూలం ఒక్కటే.

మేనిఫోల్డ్ విప్పాక చూసింది మరిచిపోలేను. చెయ్యి పట్టాల్సిన దారిలో వేలు కూడా ఇరుకుగా పోతోంది. గోడలకు పట్టింది పొడి మసి కాదు, ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెనలా నల్లగా, జిగటగా, మందంగా ఉంది. పొగతో వచ్చిన మసి ఒక్కటే ఇంతగా అతుక్కోదు. ఇంజన్ అడుగు భాగంలోని ఆయిలు ఆవిరి కూడా ఒక పైపు ద్వారా ఇదే గాలి దారిలోకి వస్తుంది, బయటి గాలిలో కలవకుండా కాల్చేయడానికి ఆ ఏర్పాటు. మసి, ఆయిలు ఆవిరి కలిసే చోట ఈ కందెన పుడుతుంది. ఆయిలు గీత పైకి పోసినా, టర్బో ఆయిలు వదులుతున్నా ఇది రెట్టింపవుతుంది. ఈ బండిలో టర్బో బాగానే ఉంది. అయితే ఆయిలు గీతకన్నా పైనే ఉంది.

"ఆసుపత్రి కాడ పేషెంట్లు లోపటికి పోయినంక బండి చాలూ ఉంచుతవా?" అని ఉస్తాద్ డ్రైవర్‌ను అడిగాడు.

"ఏసీ కావాలంటరు ఉస్తాద్, ముసలోళ్లుంటరు. గంట రెండు గంటలు చాలూ ఉంటది."

జవాబు అక్కడే దొరికింది. గంటలకొద్దీ ఐడిలింగు, చల్లబడిన పొగ, నిండుగా తెరుచుకునే ఈజీఆర్. తర్వాత ఊళ్ల మధ్య చిన్న చిన్న దూరాలు, ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆగే ప్రయాణాలు. పైగా మట్టి రోడ్ల దుమ్ముతో బిగిసిన ఫిల్టర్. గాలి తక్కువైతే మసి పెరుగుతుంది, మసి పెరిగితే దారి ఇరుకై గాలి ఇంకా తగ్గుతుంది. డ్రైవర్ తప్పని నేననను. ఎండలో ముసలి రోగిని ఏసీ లేకుండా ఎవరు కూర్చోబెడతారు? అలాంటి కిరాయి బండికి ఈ మసి తీసే పని ముందే, వేరే సర్వీసులతో పాటే జరగాలి. లైటు వెలిగేదాకా ఆగకూడదు.

శుభ్రం చేసే పని చూడటానికి మొరటుగా ఉంటుంది, చేయడానికి చాలా జాగ్రత్త కావాలి. మేనిఫోల్డ్ తీసిన తర్వాత ఇంజన్ తల మీద సిలిండర్లలోకి పోయే రంధ్రాలు తెరిచే ఉంటాయి. ఒక్క మసి పెళ్ల లోపల పడినా వాల్వు సీటు దెబ్బతింటుంది. అందుకే ఒక్కో రంధ్రంలో ఒక్కో గుడ్డ కుక్కి, ఎన్ని గుడ్డలు పెట్టారో గోడ మీద సుద్దముక్కతో రాశారు. తీసేటప్పుడు అదే లెక్క చూసుకుని కొట్టేస్తారు. మేనిఫోల్డ్‌ను డీజిల్‌లో నానబెట్టి, కర్ర చీలికలతో గీకారు. ఇనుప పుల్ల వాడితే అల్యూమినియంపై గాట్లు పడి, మసి మళ్లీ త్వరగా పడుతుందట. వాల్వును కార్బన్ క్లీనర్ స్ప్రేతో, బ్రష్షుతో కడిగారు. దాని డయాఫ్రమ్ రబ్బరు వైపు మందు చేరకుండా వాల్వును నెత్తి పైకి, మూతి కిందికి ఉండేలా పట్టుకున్నారు. గాలి సెన్సర్‌కు వేరే స్ప్రే. దాని సన్నటి తీగకు వేలు, గుడ్డ, బ్రష్షు ఏదీ తగలకూడదు. కడిగిన నల్ల నీళ్లు మోరీలో పోయకుండా పాత డ్రమ్ములోకి పోశారు.

పిల్లలిద్దరికీ చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు. ఉస్తాద్ ఈ విషయంలో గట్టిగా అరవడం విన్నాను. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో తేల్చి, పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. మన రోడ్ల పక్క షెడ్లలో పదిహేనేళ్ల వయసు నుంచే ఈ మసిలో చేతులు పెట్టి పెరిగే పిల్లలు ఎంతమందో. ఒక జత తొడుగుల ఖర్చు బిల్లులో కలిపి అడిగినా ఇవ్వనివాళ్లు ఉండరు. అడగాలి.

మేనిఫోల్డ్ నానుతున్నంతసేపూ డ్రైవర్ మనసులో ఉన్నది బయటపెట్టాడు. "ఇంత కష్టం ఎందుకు ఉస్తాద్, రేకు పెడితే అయిపోతుండె గద?"

"నల్ల పొగ రాదు, నిజమే. గుంజుతది, గది గూడ నిజమే. లోపట వేడి ఎక్కుతది. లైటు పోదు. లైటు పోవాలంటె కంప్యూటర్ల అబద్ధం రాయాలె. గా పని నేను జెయ్య" అన్నాడాయన.

నేను ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పదలిచాను. మన పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం డీజిల్ బండి సైలెన్సర్‌కు గొట్టం పెట్టి చూసేది పొగ చిక్కదనం ఒక్కటే, ఆ పొగలోంచి వెలుతురు ఎంత దాటుతుందో అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ పరీక్ష కొలవదు. ఈజీఆర్ మూసేసిన బండికి మసి తగ్గుతుంది. కాబట్టి అది పరీక్షలో ఇంకా సులువుగా పాసవుతుంది. కంటికి కనిపించే నల్ల పొగ పోయి, కనిపించని వాయువు పెరుగుతుంది, చేతిలో మాత్రం సర్టిఫికెట్ ఉంటుంది. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కానీ బానెట్ ఎత్తి ఆ రేకు ముక్క కోసం వెతికేవాళ్లు ఎవరూ లేరు.

చిన్న షెడ్లను మాత్రమే తప్పుపట్టడం కూడా అన్యాయం. 2013 జులైలో జనరల్ మోటార్స్ ఇండియా లక్షా పద్నాలుగు వేల టవేరాలను వెనక్కి పిలిచింది. ఉద్గారాల పరీక్షల్లో తమ ఉద్యోగులే నిబంధనలు ఉల్లంఘించారని ఆ సంస్థే ఒప్పుకుంది. మన జిల్లాల రోడ్ల మీద కిరాయిలకు తిరిగిన బండి అది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల గుట్టు బయటపెట్టింది. పరీక్ష జరుగుతోందని కారు కంప్యూటర్ పసిగట్టి, అప్పుడు మాత్రమే నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపులో పెట్టేది, రోడ్డెక్కగానే వదిలేసేది. అదే ఏడాది డిసెంబరులో ఆ సంస్థ మన దేశంలోనూ మూడు లక్షల ఇరవై మూడు వేలకు పైగా కార్లను వెనక్కి పిలుస్తానని ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది, తర్వాత ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంజనీర్ల సైన్యం ఉన్న కంపెనీలు కంప్యూటర్‌లో రాసిన అబద్ధాన్ని, కొత్తకోటలో ఒక షెడ్డు యజమాని రాయనంటున్నాడు. ఆయన పట్ల నాకు కలిగిన గౌరవం దాచుకోవాల్సిన పని లేదు.

ఇంధనం సంగతి కూడా ఒక మాట. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 మొదట వచ్చింది హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకే. మిగతా దేశానికి అది తప్పనిసరి అయ్యింది 2017 ఏప్రిల్ 1 నుంచి. బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 350, బీఎస్-4లో 50, ఇప్పటి బీఎస్-6లో 10. గంధకం ఉన్న పొగ చల్లబడితే ఆమ్లమవుతుంది, లోహాన్ని తింటుంది. ఆ రోజుల డీజిల్ తాగి పెరిగిన బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి, వాటి ఈజీఆర్ గొట్టాలు లోపల ఎలా ఉంటాయో తెరిచేదాకా చెప్పలేమంటాడు ఉస్తాద్.

మర్నాడు బండిని మళ్లీ కూర్చారు. కొత్త గ్యాస్కెట్లు వేశారు, పాతవి ఎంత బాగున్నట్టు కనిపించినా. గుడ్డల లెక్క సుద్దగీతలతో సరిపోయింది. కొత్త ఫిల్టర్ పెట్టారు, ఆయిలు గీతకు దించారు. కోడ్ చెరిపి, ఇంజన్ వేడెక్కేదాకా ఆగారు. వాల్వు మూసి 605. తెరవమన్నారు. 390. చేతి పంపు నొక్కితే ఇంజన్ తడబడి ఆగిపోబోయింది, డిప్లొమా అబ్బాయి ముఖం వెలిగింది. కరెంటుతో నడిచే వాల్వులున్న బండ్లకు ఇంకో పని ఉంటుందని వాడికి ఉస్తాద్ చెప్పాడు: కడిగాక వాల్వు ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటర్‌కు స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి, లేకపోతే పాత మసి మందాన్నే అది హద్దు అనుకుంటుంది.

పెబ్బేరు దాకా పోయి వచ్చారు. వెనుక సీట్లో నేనూ ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే అద్దంలో రోడ్డు స్పష్టంగా కనిపించింది. డ్రైవర్ అదే ఎత్తును గేరు తగ్గించకుండానే ఎక్కించాడు. లైటు వెలగలేదు. కొన్ని రోజులు నడిపి, ఒకసారి తెచ్చి అంకెలు చూపించి పొమ్మన్నాడు ఉస్తాద్, ఆ చూపుకు డబ్బులొద్దన్నాడు. "ఆసుపత్రి కాడ ఏసీ కావాలంటె వెయ్యి. వారానికోసారి ఇంజన్ మంచిగ కాగినంక హైవే మీద అరగంట సక్కగ నడుపు. సర్వీసుకొచ్చినప్పుడల్లా గీ పైపు ఇప్పి చూపెట్టు."

మేం తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు ఇంకో బండి నిలబడి ఉంది. దాని యజమాని పల్లికాయ వ్యాపారి. పొగ నల్లగా లేదు, తెల్లగా వస్తోంది. పొద్దున స్టార్ట్ చేయగానే మిస్సింగ్. రెండు మూడు రోజులకోసారి కూలెంట్ పోయాల్సి వస్తోంది, కింద చుక్క మాత్రం కనిపించదు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ దించాలని ఎవరో చెప్పారట.

ఉస్తాద్‌కు వేరే అనుమానం ఉంది. ఈజీఆర్ పొగ ఎక్జాస్టు నుంచి వందల డిగ్రీల వేడితో వస్తుంది. దాన్ని చల్లబరచడానికి మధ్యలో కూలర్ ఉంటుంది, లోపలి సన్నటి గొట్టాల్లో పొగ, చుట్టూ ఇంజన్ కూలెంట్. ఆ గొట్టాల్లో ఒకటి పగిలితే కూలెంట్ నేరుగా గాలి దారిలోకి పోతుంది. ఇది చిన్న విషయం కాదు. 2018లో దక్షిణ కొరియాలో పదుల సంఖ్యలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు రోడ్డు మీదే కాలిపోయాయి. ఈజీఆర్ కూలర్ నుంచి కారిన కూలెంట్ మసితో కలిసి పేరుకుని, వేడి పొగకు అంటుకోవడమే కారణమని తేలి, ఆ ఒక్క దేశంలోనే లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచారు.

కూలెంట్ డబ్బా మూత స్థానంలో ప్రెషర్ పంపు బిగించి, ముల్లు ఒక బార్ దాకా ఎక్కించారు. చూస్తుండగానే నెమ్మదిగా దిగింది. గుంతలో దిగి లైటు వేసి వెతికితే ఎక్కడా తడి లేదు. ఈజీఆర్ వాల్వు విప్పితే దాని మూతి దగ్గర మసి తడిసి, పచ్చటి కూలెంట్ మెరిసింది. అయినా ఉస్తాద్ ఆగలేదు. కూలర్‌కు వచ్చే, పోయే కూలెంట్ పైపులు రెండూ పీకి, ఒక చిన్న గొట్టంతో ఒకదానికొకటి కలిపేసి, కూలర్‌ను లెక్కలోంచి తప్పించి మళ్లీ పంపు కొట్టాడు. ఈసారి ముల్లు ఉన్నచోటే నిలబడింది. పావుగంట తర్వాత చూసినా అక్కడే ఉంది.

"ఇంజన్ దించే పని లేదు సేటూ. హెడ్ మంచిగున్నది. కూలర్ మార్చాలె."

మహబూబ్‌నగర్ దుకాణాలకు ఫోన్లు చేస్తే ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో ఒకచోట దొరికింది, బస్సు కార్గోలో వేస్తే పొద్దునకు వస్తుందన్నారు. వ్యాపారి అప్పటిదాకా మార్కెట్టుకు ఒక ట్రిప్పు వేసుకొస్తానన్నాడు. ఉస్తాద్ బ్యాటరీ నుంచి తీగ విప్పి బల్ల మీద పెట్టాడు. సిలిండర్‌లోకి కూలెంట్ దిగి ఉంటే, స్టార్ట్ చేసిన మొదటి తిప్పులోనే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందని, కూలర్‌తో పోయేది ఇంజన్ దాకా తెచ్చుకోవద్దని చెప్పి, వ్యాపారిని ఇంటి దగ్గర దించి రమ్మని పిల్లవాడికి తన బైకు తాళం ఇచ్చాడు.